చప్పట్ల కోసం ఐదంతస్తులు

ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తాముంటున్న అపార్ట్‌మెంటు ఐదో అంతస్తులోని హాల్లో ఓ నలభై మందిని కూర్చోబెట్టాలి. వాళ్ళచేత కాసేపు చప్పట్లు కొట్టించాలి. వాటిని రికార్డు చేసుకుని, అందరికీ కాఫీ ఇచ్చి పంపించి, భోజనం వేళకు ఇంటికొచ్చి హాయిగా పడుకోవాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదనీ, ఎక్కడా బెడిసికొట్టే అవకాశమే లేదనీ గడ్డం గీసుకుంటూ అద్దంలోని ముఖానికి ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాడు. అద్దంలోని ముఖం అంతగా నమ్మినట్టు కనబడలేదు.

చప్పట్ల అవసరం ఎందుకొచ్చిందంటే, కాలేజీ రోజుల్లో అతను ఒక రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు. బ్యాండు పేరు ‘పిడుగు’. అందులో పాడినవాడు ఇప్పుడు పరుపుల షాపు నడుపుతున్నాడు. గిటారు వాయించినవాడు డ్రైవింగ్ స్కూలు పెట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి రెండు కేసెట్లు విడుదల చేశారు. తర్వాత విడిపోయారు. విడిపోయారన్న సంగతి వాళ్ళు చెబితే తప్ప ఎవరికీ తెలియలేదు.

అలాంటిది, పోయిన నెలలో ఒక చిన్న మ్యూజిక్ కంపెనీ నుంచి గాయకుడికి ఫోన్ వచ్చింది. మాట్లాడింది ఒక అమ్మాయి. మరుగున పడిపోయిన పాత బ్యాండ్లను వెతికి తీయడం ఆమె పని.

“మీ కేసెట్లలో రాని పాటలు, స్టేజీ మీద పాడినప్పుడు రికార్డు చేసినవి ఏమైనా ఉన్నాయా సార్? అన్నీ కలిపి ఒక ఆల్బమ్ వేద్దామని. ఎక్కడా దొరకనివే మాకు కావాలి.”

“బోలెడున్నాయమ్మా,” అన్నాడు గాయకుడు. పరుపుల షాపులో కూర్చుని కూర్చుని, ఎవరేమడిగినా స్టాకులో ఉందని చెప్పడం అతనికి అలవాటైపోయింది.

ఎక్కడా దొరకని పాటలకు కొరత లేదు. వాళ్ళ పాటలన్నీ అలాంటివే. స్టేజీ మీద పాడిన రికార్డింగు మాత్రం ఒక్కటే దొరికింది, కాలేజీ వార్షికోత్సవం నాటిది. ముగ్గురూ డాక్టరు క్లినిక్కులో కూర్చుని విన్నారు. పాట బాగానే ఉంది. గిటారు గర్జించింది, డ్రమ్స్ దడదడలాడాయి, గాయకుడు గొంతు చించుకున్నాడు. ఆఖరి దెబ్బ పడింది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. ఎవరో “అయిపోయిందా?” అని అడిగారు. ఇంకెవరో “అయిపోయినట్టే ఉంది” అన్నారు.

డాక్టరు ముఖం పాలిపోయింది. అతని బాధ వేరు. పెళ్ళయ్యేనాటికే బ్యాండు లేదు కాబట్టి భార్య అతని వాయింపు ఎన్నడూ వినలేదు. ఆ ధైర్యంతో, హాలు చాలక జనం కిటికీలెక్కి కూర్చునేవారని ఆమెకు చెప్పాడు. ఆమె సంతోషపడింది కదా అని తర్వాత వేలమంది అన్నాడు. ఆమె ఆ మాట పుట్టింటివాళ్ళకు చెప్పింది. వాళ్ళలో తోడల్లుడొకడున్నాడు. ఆయన ఆడిటరు. “హాలుకి కిటికీలెన్ని?” అని అప్పట్లోనే అడిగాడు. ఇప్పుడు ఆల్బమ్ బయటికొస్తే, ఆయన దాన్ని హెడ్‌ఫోన్లు పెట్టుకుని మరీ వింటాడు.

“పాట మనదే కదా. లేనిదల్లా చప్పట్లే. అవి బయటినుంచి తెచ్చి అతికిద్దాం,” అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన.

“అది మోసం కాదురా?”

“నువ్వు కట్టే పళ్ళు ఆ నోట్లో మొలిచినవేనా?”

పథకం అలా ఖాయమైంది.

అసలు సంగతి ఎవరికీ చెప్పుకునేది కాదు కనుక, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పారు. డాక్టరు భార్యతో, “ఆల్బమ్ గురించి చిన్న ఫంక్షన్‌లాంటిది. మీవాళ్ళనందర్నీ పిలువు” అన్నాడు. హాలు తాళం కోసం అసోసియేషన్ ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళి, “చిన్న మీటింగుందండీ” అన్నాడు. ఆ మాట వినగానే ప్రెసిడెంటు తాళం అతని చేతిలో పెట్టి తలుపేసుకున్నాడు. అపార్ట్‌మెంటు లిఫ్టు చెడిపోయి నెలలు గడుస్తున్నాయి. అప్పటినుంచీ ఆయన ఇంట్లో ఉండి కూడా లేననిపించుకుంటున్నాడు.

ఇక డ్రైవింగ్ స్కూలాయన వాచ్‌మన్‌ను పట్టుకుని, “అన్ని ఫ్లాట్లకీ చెప్పు. ఎంతమందొస్తే అంత మంచిది” అన్నాడు. వాచ్‌మన్ ఇంటింటి తలుపూ తట్టి, “లిఫ్టు మీటింగండీ” అని చెప్పాడు. ఆ భవనంలో వేరే విషయం మీద మీటింగు జరుగుతుందన్న ఊహే అతనికి రాలేదు.

గాయకుడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. హాల్లో శబ్దం గింగురుమనకుండా గోడలకు ఆనించడానికి షాపునుంచి పన్నెండు పరుపులు మాత్రం పంపించాడు. మోసుకొచ్చిన పనివాళ్ళు ఐదంతస్తులెక్కేసరికి ఆయాసపడి, వాటిని నేలమీదే పరిచేసి వెళ్ళిపోయారు.

మొదట వచ్చింది డాక్టరు వదినగారు, అంటే భార్య అక్క. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి, మరిదిగారి వంశాన్ని ఒక్కో తరం చొప్పున తలుచుకుంటూ పైకొచ్చింది. హాల్లో అడుగుపెట్టగానే పరుపులు కనబడ్డాయి. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

“అనవసరంగా తిట్టుకున్నాను. మరిదిగారికి ఎంత ముందుచూపు!” అని మొదటి పరుపు మీద వాలిపోయింది.

ఆమెను చూసి వెనకాలే వచ్చిన అత్తగారు వాలింది. పిన్నత్తగారు వాలింది. రెండో ఫ్లోరు దంపతులు, మూడో ఫ్లోరు రిటైర్డు హెడ్మాస్టరు తలో పరుపూ చూసుకున్నారు. గాయకుడు లబలబలాడుతూ పరుగెత్తుకొచ్చాడు.

“లేవండి సార్, అవి పడుకోడానిక్కాదు!”

“పడుకోడానిక్కాకపోతే పరుపు దేనికయ్యా?” అన్నాడు హెడ్మాస్టరు, ఒక పక్కనుంచి ఇంకో పక్కకు దొర్లి చూస్తూ. “మెత్తగానే ఉంది. ఆదివారం ప్రత్యేకంగా తగ్గింపేమైనా ఇస్తున్నారా?”

దాంతో ఇది పరుపుల అమ్మకమని కొందరికి రూఢి అయిపోయింది. ఇద్దరు గృహిణులు కుట్లు పరిశీలించసాగారు. ప్రెసిడెంటు తన తరఫువాళ్ళను నలుగురిని వెంటబెట్టుకుని, ద్వారానికి దగ్గరగా, పారిపోవడానికి వీలుగా కూర్చున్నాడు. తోడల్లుడు ముందువరసలో కాలుమీద కాలేసుకుని, కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. డ్రైవింగ్ స్కూలాయన ఒక మూల హెడ్‌ఫోన్లు తగిలించుకుని రికార్డరు ముందు కూర్చున్నాడు. పాత గిటారును కూడా తెచ్చుకున్నాడు. ఎందుకని అడిగితే, ఇంట్లో ఒంటరిగా వదలబుద్ధి కాలేదన్నాడు.

డాక్టరు లేచి గొంతు సవరించుకున్నాడు.

“అందరికీ నమస్కారం. మీరంతా ఇప్పుడు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టాలి.”

ఎవరూ కదల్లేదు. తోడల్లుడు చెయ్యెత్తాడు.

“దేనికి?”

“ఊరికే, అన్నయ్యగారూ.”

“ఊరికే ఎలా కొడతాం డాక్టరూ? ముందేదో ఒకటి జరగాలి కదా?”

“లిఫ్టు బాగయిందా?” అన్నాడు హెడ్మాస్టరు పరుపు మీదనుంచి.

“లేదండీ.”

“మరి చప్పట్లెందుకు?”

పరిస్థితి చెయ్యి జారుతోందని గాయకుడు గ్రహించాడు. ఏదో ఒక కారణం చూపిస్తే తప్ప వీళ్ళ చేతులు కలవవనుకుని ముందుకు దూకాడు.

“ఈ హాలుని ఉచితంగా ఇచ్చిన మన ప్రెసిడెంటుగారికి గట్టిగా చప్పట్లు!”

బిత్తరచూపులు చూస్తున్న ప్రెసిడెంటుకు ప్రాణం లేచొచ్చింది. ఇది తనను దింపే మీటింగు కాదు, తనకు సన్మానమన్నమాట. లేచి, రెండు చేతులూ జోడించి, “మీ అభిమానానికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నా హయాంలో ఈ భవనం అన్నివిధాలా పైకొచ్చింది...” అని మొదలుపెట్టాడు.

“భవనం పైకొచ్చింది, మేమే పైకి రాలేకపోతున్నాం!” అని వెనకనుంచి ఒక గొంతు లేచింది.

“లిఫ్టు!” అని ఇంకొకరు. “లిఫ్టు! లిఫ్టు!” అని పదిమంది. మోకాళ్ళ సంగతి గుర్తొచ్చి వదినగారు కూడా కలిసింది. ఆమెకూ ఆ లిఫ్టుకూ ఏ సంబంధమూ లేదు కానీ, ఆమె గొంతే అందరికన్నా పైన వినిపించింది. హాలు దద్దరిల్లింది. హెడ్‌ఫోన్లలో మాటలు తెలియక, శబ్దం మాత్రం బ్రహ్మాండంగా పడుతోందని చూసుకున్న డ్రైవింగ్ స్కూలాయన, కానివ్వండి కానివ్వండి అన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించాడు.

భార్య డాక్టరు చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది.

“ఏమండీ, ఇది ఫంక్షనా, మీటింగా, పరుపుల షాపా?”

ఇక దాచి లాభం లేదనుకుని డాక్టరు మొత్తం చెప్పేశాడు. కేసెట్టు, కుర్చీ కిర్రుమనడం, అయిపోయిందా అన్న మాట, అన్నీ.

“మరి ఇన్నేళ్ళూ వేలమంది, వేలమంది అన్నారు?”

“కాలేజీలో వేలమంది ఉండేవాళ్ళు,” అన్నాడు డాక్టరు నేలచూపులు చూస్తూ. “హాల్లోకి రాలేదంతే.”

ఆమె కోప్పడుతుందని ఎదురుచూశాడు. ఆమె మాత్రం పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది.

“కిటికీలెక్కినవాళ్ళో?”

“కిటికీలు బాగుచెయ్యడానికొచ్చినవాళ్ళు ఇద్దరు.”

ఆమె ఇక ఆపుకోలేకపోయింది. మెట్ల మీద కూర్చుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వు తగ్గాక లేచి చెప్పింది.

“మీరు వాయిస్తుంటే నేనొక్కసారీ వినలేదు. అంతమంది లోపలున్నారు, గిటారూ ఉంది. వెళ్ళి వాయించండి. అప్పుడు కొడితే చప్పట్లు, లేకపోతే లేదు.”

“డ్రమ్స్ లేవే!”

“హాల్లో పింగ్‌పాంగ్ బల్ల ఉంది కదా.”

ముగ్గురూ కలిసి వాయించి పాతికేళ్ళు దాటింది. డాక్టరు పింగ్‌పాంగ్ బల్ల ముందు నిలబడి రెండు బ్యాట్లు చేతబట్టాడు. పక్కన బోర్లించిన ఖాళీ నీళ్ళ డబ్బా ఒకటి పెట్టుకున్నాడు. గాయకుడు పాత స్థాయిలో అందుకోబోయి, గొంతు అక్కడికి చేరదని తెలిసి, వీలైనంత కింద మొదలుపెట్టాడు. తొలి చరణం ముగ్గురూ మూడు దారుల్లో నడిచారు. రెండో చరణానికి ఎక్కడో కలుసుకున్నారు. ఆ తర్వాత డాక్టరుకు చుట్టుపక్కల ఏం జరుగుతోందో తెలియలేదు. రోజంతా ఎవరికీ నొప్పి తెలియకుండా వేళ్ళ చివర్లతో పనిచేసే మనిషి, బల్ల విరిగిపోతుందేమోనన్నంతగా బాదాడు. హెడ్మాస్టరు లేచి కూర్చున్నాడు. వదినగారి మోకాళ్ళు తాళం వేయసాగాయి.

పాట ఇంకా ముగియకముందే గిటారు తీగ ఒకటి ఫట్‌మని తెగింది. వాయిద్యం ఆగింది. అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ముగ్గురూ తేరుకుని మళ్ళీ అందుకుని మిగతాది పూర్తిచేశారు. జనం మళ్ళీ కొట్టారు. అవి పాట బాగున్నందుకో, ఈసారి నిజంగానే అయిపోయినందుకో చెప్పడం కష్టం. డాక్టరు భార్య మాత్రం అందరి చేతులూ ఆగిపోయాక కూడా కొడుతూనే ఉంది. అతను అటే చూస్తూ, చేతిలో బ్యాట్లున్న సంగతి మరచి, చెమట తుడుచుకోబోయి నుదుటి మీద కొట్టుకున్నాడు.

ఆ పాట వల్ల ఇంకో ఉపకారం జరిగింది. ఆందోళనకు తాళం దొరికింది. ఇందాక ఎవరికి వారు అరిచినవాళ్ళు ఇప్పుడు ఏకకంఠంతో, కాళ్ళు నేలకు తాటిస్తూ, “లిఫ్టు! లిఫ్టు! లిఫ్టు!” అని అందుకున్నారు. ప్రెసిడెంటు అనుకున్నట్టే ద్వారం దగ్గరి కుర్చీ ఆయనకు ఉపయోగపడింది.

సాయంత్రానికల్లా డ్రైవింగ్ స్కూలాయన పాత పాట చివర ఈ హోరునంతా అతికించి కంపెనీకి పంపించేశాడు. తీరిగ్గా వినలేదు. మోత మోగిపోతోంది, అది చాలనుకున్నాడు.

రెండ్రోజులకు అమ్మాయి ఫోన్ చేసింది. అప్పుడు ముగ్గురూ పరుపుల షాపులోనే ఉన్నారు. గాయకుడు స్పీకరు పెట్టాడు.

“సార్, అద్భుతం! ఇంతమంది అభిమానులున్నారని ఎక్కడా రాయలేదే! ఒక్కటే సందేహం. చివర్లో జనమంతా ‘లిఫ్టు, లిఫ్టు’ అని అడుగుతున్నారు. అది మీ పాటా?”

డాక్టరు వద్దువద్దని రెండు చేతులూ ఊపాడు. కానీ స్టాకులో లేదనడం గాయకుడికి చేతకాదు.

“అవునమ్మా. అది మా... అది చాలా ప్రత్యేకమైన పాట.”

“ఏ కేసెట్లోనూ లేదే!”

“అందుకే ప్రత్యేకం.”

“అయితే సార్, ఆల్బమ్‌కి ప్రాణం అదే! జనం అంతలా అడిగిన పాట లేకుండా ఎలా వేస్తాం? వెతికి పంపండి.”

ఫోన్ పెట్టేశాక గాయకుడు బిల్లు పుస్తకంలోంచి మూడు కాగితాలు చించాడు. పాతికేళ్ళనాటి పాటను ఇప్పుడు రాయాలి. ముగ్గురూ పాట రాయడం పూర్తిగా మరిచిపోయారు. గాయకుడు రాసిన మొదటి వాక్యం పదేళ్ళ గ్యారంటీ గురించి. డ్రైవింగ్ స్కూలాయన రాసినదాంట్లో రెండుచోట్ల బ్రేకు వచ్చింది. టిఫిన్ డబ్బాతో వచ్చిన డాక్టరు భార్య అవి చదివి పక్కన పడేసింది.

“ఆ రోజు అక్క మెట్లెక్కుతూ సణిగినదానికి వరస కడితే సరిపోదూ?” అని పెన్ను తీసుకుంది.

“ఒకటో అంతస్తు ఓపిక, రెండో అంతస్తు రొప్పుడు, మూడో అంతస్తు మోకాలు, నాలుగో అంతస్తు నావల్ల కాదు...”

“ఐదో అంతస్తు?” అన్నాడు గాయకుడు ఊపిరి బిగబట్టి.

“అయ్యో, తాళంచెవి కారులోనే మరిచిపోయా!”

పరుపుల మధ్యే పాట రికార్డయింది. డాక్టరు తన పాత డ్రమ్స్ తెచ్చుకుని, ఈసారి లెక్క తప్పకుండా వాయించాడు. వెనకనుంచి రొప్పడానికి వదినగారిని పిలిపించారు. ఆమె మొదట బెట్టు చేసి, తర్వాత రొప్పడం ఆపలేదు.

పాట పంపాల్సిన ఉదయం డాక్టరుకు చెయ్యి రాలేదు. పేషెంటు నోట్లో మత్తు సూది పొడిచి, మొద్దుబారేలోగా పక్కగదిలోకి వెళ్ళి అమ్మాయికి ఫోన్ చేశాడు.

“అమ్మా, ఒక నిజం చెప్పాలి. ఆ చప్పట్లు అప్పటివి కావు. మా అపార్ట్‌మెంటువాళ్ళవి. వాళ్ళడిగింది పాట కాదు, లిఫ్టే. పాట నిన్న రాశాం. రాసింది మా ఆవిడ. అసలు కచేరీలో ఒక్క చప్పట కూడా లేదు.”

“తెలుసు సార్,” అంది అమ్మాయి.

“తెలుసా?”

“చప్పట్ల మధ్యలో ఎవరిదో సెల్‌ఫోన్ మోగింది. తీసి, ‘మీటింగులో ఉన్నా, తర్వాత చెయ్యి’ అన్నారు. పాతికేళ్ళ కిందట కాలేజీలో సెల్‌ఫోన్లెక్కడివి సార్? మీరెంతవరకూ వెళతారో చూద్దామని ఊరుకున్నా.”

డాక్టరు గోడకు చేరగిలబడ్డాడు. “అయితే ఆల్బమ్ లేనట్టేనా?”

“ఉంది సార్. ఉన్నవి ఉన్నట్టుగా వేస్తాను, ఏది ఎప్పటిదో రాసి మరీ. కాకపోతే ఒక మాట. మీ పాత పాటలన్నీ విన్నాను. అవి ఎక్కడా దొరక్కపోవడానికి కారణముంది. నిన్న రాశామన్నారే, ఆ ‘లిఫ్టు’ పాట పంపండి, దాన్ని మాత్రం వినకుండానే ముందు పెడతాను.”

డాక్టరు తిరిగి వచ్చేసరికి పేషెంటుకు సగం ముఖం మొద్దుబారిపోయింది. డాక్టరు ముఖంలో ఇంత సంతోషమెందుకో అర్థంకాక, మిగిలిన సగంతో ఆయన కూడా నవ్వాడు.

ఆల్బమ్ వచ్చింది. లిఫ్టు ఆగిపోయిన భవనాలు లోకంలో ఎన్నున్నాయో ఆ పాట వచ్చాకే తెలిసింది. పాటలో ఐదో అంతస్తు మాట దగ్గర అందరూ కలిసి అరవడం ఆఫీసుల మెట్ల మీద కూడా వినబడసాగింది. తోడల్లుడు ఇప్పుడు కనబడినవాళ్ళందరికీ ఆ రికార్డింగు వినిపించి, “ఆ రోజు నేనక్కడే ఉన్నాను, ముందువరసలో. జనం వేలమంది!” అని చెబుతున్నాడు. కిటికీల సంగతి ఎవరూ అడగడం లేదు. డాక్టరు దిద్దబోతే, భార్య కాలు తొక్కుతోంది.

అన్నిటికన్నా మారింది ప్రెసిడెంటు. బయటివాళ్ళు వచ్చి ఆ పాటలోని భవనం ఇదేనా అని వాచ్‌మన్‌ను అడగడం మొదలుపెట్టాక, వారంలోగా లిఫ్టు బాగుచేయించాడు. అంతటితో ఊరుకోక, ఈ గౌరవమంతా తమ భవనానిదేనన్న ఉత్సాహంలో, లిఫ్టులో ఒక స్పీకరు బిగించి పొద్దున్నించి రాత్రిదాకా ఆ పాటే మోగే ఏర్పాటు చేశాడు.

ఇప్పుడు ఆ అపార్ట్‌మెంట్లో లిఫ్టు చక్కగా పనిచేస్తోంది, అందరూ మెట్లమీదే వెళుతున్నారు.